రేవులు – రాజ్యములు : 4. అశ్వముల కొఱకు సంధి

గత ప్రకరణమున మోటుపల్లి రేవును గూర్చి ముచ్చటించుచు, కాకతి గణపతిదేవ మహారాజు 1244-45 ప్రాంతమున సముద్రవర్తకుల కొసగిన అభయశాసనమును పరిశీలించితిమి. పూర్వరాజులు తుపానునకు జిక్కి దరికి కొట్టుకొనివచ్చిన ఓడలలోని సర్వస్వమును బలాత్కారముగా హరించుచుండగా, ఆ ప్రభువు నియతమైన సుంకమును మాత్రమే గ్రహించి తక్కిన సొత్తును వర్తకునికే విడిచెననియు, నూఱేండ్లు దాటిన పిమ్మట 1358లో అనపోతారెడ్డి అదే రేవున మరల శాసనమును వ్రాయించి వర్తకులకు ధైర్యము చెప్పెననియు విన్నవించితిమి. అచట మాట యిచ్చినవాడు రాజు, నమ్మినవాడు వర్తకుడు. ఇపుడు చెప్పబోవు వృత్తాంతమున నట్లు గాదు. రేవునకు ఈవల నొక రాజ్యము, ఆవల నొక రాజ్యము నిలిచి, ఒకరి యవసరమును మఱియొకరు తూచి చూచుకొనుచు, అర్ధశతాబ్దికి మించి బేరము సాగించిరి. ఈవలిది విజయనగర సామ్రాజ్యము; ఆవలిది గోవాయందు పాతుకొనిన పోర్చుగీసు ప్రభుత్వము; బేరమునకు మూలమైన సరకు గుఱ్ఱము.

గుఱ్ఱము లేని దేశము

దక్షిణాపథమున వరి పండును, చెఱకు పండును, అడవులలో ఏనుగులు పుట్టును. యుద్ధమునకు దగిన గుఱ్ఱము మాత్రము పుట్టదు. పుట్టిన నాటు గుఱ్ఱము పొట్టిది. కవచధారియైన రౌతును మోసికొని పరుగిడజాలినది కాదు. తురుష్కుల అశ్వికదళములు వింధ్యను దాటి వచ్చిన నాటినుండి యుద్ధముల జయాపజయములు అశ్వబలమును బట్టియే నిర్ణీతములగుచుండుటచేత, అరబ్బు పారసీక దేశములలో పుట్టి హొర్ముజు, ఏడెను రేవులలో ఓడనెక్కి పడమటి కనుమల క్రింద దిగు జాతిగుఱ్ఱమే దక్షిణదేశపు రాజుల కెల్లరకును శరణ్యమయ్యెను.

అట్లు వచ్చినవియు ఇచట చిరకాలము బ్రతుకునవి కావు. పదమూడవ శతాబ్ది చివర పాండ్యమండలమును దర్శించిన మార్కోపోలో, ఏటేట వేలకొలదిగా కొన్న గుఱ్ఱములలో అధికభాగము ఏడాది తిరుగకమునుపే చచ్చుచుండెననియు, వానిని సాకు నేర్పు గాని నాడాలు కొట్టు పనివాండ్రు గాని ఇచట లేరనియు, అట్టి పనివాండ్రను ఈ దేశమునకు రానీయకుండుటలో గుఱ్ఱపు వర్తకులకు లాభము కలదనియు వ్రాసినాడు. ఇందలి సత్యమెంతయైనను, ఒకమారు కొని తృప్తిపడుటకు వీలులేని సరకిది యనుట నిజము. ప్రతి సంవత్సరమును కొనవలెను. కొననిచో సేన క్షీణించును. తాను కొననివానిని శత్రువు కొనును.

ఈ సంగతిని విజయనగర ప్రభువు లెంత చక్కగా గ్రహించిరో తెలిసికొనుటకు, 1535 ప్రాంతమున ఆ నగరమున నివసించిన గుఱ్ఱపు వర్తకుడును పోర్చుగీసు వాడునైన న్యూనిజు వ్రాసిన వృత్తాంతమును చూచిన చాలును. సాళువ నరసింహరాయలు వర్తకు లడిగిన వెలను ఇచ్చి, వేయి పరదావు నాణెములకు మూడు గుఱ్ఱముల చొప్పున, బ్రతికినవానిని చచ్చినవానిని గూడ తీసికొనుచుండెనట. నడిసముద్రమున చచ్చిన గుఱ్ఱమునకు తోకను మాత్రము కోసి తెచ్చి చూపినను, బ్రతికియున్న దానికివలెనే సొమ్ము ముట్టుచుండెనట. వినుటకు వెఱ్ఱి దానమువలె కనబడు ఈ పద్ధతియందు లోతైన యోచన కలదు. నెలల తరబడి సాగు సముద్రప్రయాణమున వర్తకుడు భయపడునది నష్టమునకు. ఆ నష్టమును వాని నెత్తినుండి దించి తన బొక్కసముపై వేసికొన్న రాజు రేవునకే ఓడలన్నియు ముందుగా వచ్చి చేరుననుట స్పష్టము.

తరువాతి కాలమున రాయల వారు ఏటేట హొర్ముజు గుఱ్ఱములను నాటు గుఱ్ఱములను కలిపి పదుమూడు వేల వఱకు కొనుచు, అందు మేలైనవానిని తమ లాయములకు నిలుపుకొని, తక్కినవానిని వేయి పరదావులకు అయిదు చొప్పున నాయకుల కంటగట్టి, ఆ సొమ్మును సెప్టెంబరు నెలలోపల రాబట్టి, దానితోనే పోర్చుగీసు వారికి అరబ్బు గుఱ్ఱముల వెలను చెల్లించుచుండిరనియు, ఈ విధముగా బొక్కసమునుండి కాసైనను వెలికి పోకుండ సేన పెరుగుచుండెననియు న్యూనిజే తెలుపుచున్నాడు. అమరనాయకుల నేలు రాజ్యవ్యవస్థయు, అరేబియా సముద్రపు వర్తకమును ఒకే లెక్కపుస్తకమున నిట్లు కలిసినవి.

పడమటి రేవుల వరుస

1443లో హీరాత్ నుండి షారుఖ్ రాయబారిగా వచ్చిన అబ్దుల్ రజాకు, విజయనగర రాజునకు మూడువందల రేవులు కలవనియు ఒక్కొక్కటి కళ్లికోటకు సాటి యనియు వ్రాసినాడు. రాయబారుల లెక్కలయందు కొంత అతిశయోక్తి సహజమే యైనను, మంగళూరు, బార్కూరు, బసరూరు, భట్కళ, హొన్నావరము, అంకోలా అను రేవుల వరుస పడమటి తీరమున సామ్రాజ్యమునకు కలదనుట వాస్తవము. వానిలో భట్కళ ప్రధానము. హొర్ముజు ఓడలు అచటికి గుఱ్ఱములను ముత్యములను తెచ్చి, తెల్లబియ్యమును, పొడిచక్కెరను, ఇనుమును నింపుకొని పోవుచుండెనని పోర్చుగీసు ఉద్యోగియైన బర్బోసా వర్ణించెను.

ఈ వరుసకు ఉత్తరపు కొస గోవా. పదునాలుగవ శతాబ్ది యుత్తరార్ధమున మాధవమంత్రి దానిని జయించి విజయనగరమునకు చేర్చెను. 1472లో బహమనీల మంత్రియైన మహమూద్ గవాను దానిని లాగికొనెను. అది మొదలు అరబ్బు గుఱ్ఱము శత్రువుల రేవున గూడ ధారాళముగా దిగసాగెను. విరూపాక్షరాయల కాలమున బహమనీలకు గుఱ్ఱములమ్మిరను కోపముచే భట్కళయందలి మహమ్మదీయ వర్తకులను పెక్కుమందిని చంపించిరనియు, చావు తప్పించుకొన్నవారు గోవాకు పోయి స్థిరపడిరనియు పోర్చుగీసు చరిత్రకారుడు బరోస్ చెప్పుచున్నాడు. తోకకు వెలయిచ్చి రప్పించిన వర్తకులను కత్తికి బలియిచ్చి తోలివేయుట రాజనీతి దృష్టిలో ఎంతటి తప్పిదమో గోవా వృద్ధియే చాటినది.

ఇంత తీరము గల సామ్రాజ్యమునకు సముద్రమున నిలిచి పోరాడు నౌకాబలము లేకుండుట ఈ కథకంతయు మూలసూత్రము. ఉన్నదెల్ల హొన్నావరపు తిమ్మయ్య వంటి తీరనాయకుల చిన్న పడవల దండు. పోర్చుగీసువారి వ్రాతలలో తిమోజా యని కనబడు వాడీతడే. గోవాకు పోవు గుఱ్ఱపు ఓడలను అడ్డగించి భట్కళకు మరల్చుట వాని వృత్తి. ఓడలపై ఫిరంగులతో పోర్చుగీసువారు ఈ జలములలో ప్రవేశించినపుడు, వారిని మొదట ఉపయోగించుకొనదలచిన వాడును, వారిచే ఉపయోగింపబడిన వాడును ఆ తిమ్మయ్యయే. 1510లో పోర్చుగీసు గవర్నరైన ఆల్బుకెర్కును గోవాపైకి పురికొల్పినవాడతడు. ఆ సంవత్సరము మొదట పట్టుబడిన గోవా మే నెలలో చేజారి, నవంబరు 25న మరల పోర్చుగీసువారి వశమై, అటుపై నాలుగున్నర శతాబ్దులు వారి యధీనముననే నిలిచినది.

ఆల్బుకెర్కు వేలముపాట

ఆల్బుకెర్కు కత్తిపట్టు సేనాని యగుటయే గాక లెక్క తెలిసిన వర్తకుడు గూడ. గోవాను పట్టుకొనక మునుపే అతడు లూయీ యను సన్యాసిని కృష్ణదేవరాయల యొద్దకు రాయబారము పంపి, అరబ్బు పారసీక గుఱ్ఱములన్నిటిని విజయనగరమునకే పంపెదననియు, ప్రతిఫలముగా కళ్లికోట సామూతిరిపై తాము సముద్రమునుండి పోరాడునపుడు రాయలు భూమార్గమున తోడుపడవలెననియు, భట్కళకును మంగళూరునకును నడుమ తమకొక స్థావరము కట్టుకొన స్థలమీయవలెననియు కోరించెను. రాయలు ఆదరముగా వినెను; తొందరపడి మాట యీయలేదు. లూయీ విజయనగరముననే ప్రాణములు కోల్పోయెను.

గోవా చేజిక్కిన పిదప ఆల్బుకెర్కు గుఱ్ఱపు ఓడలన్నియు అచటనే దిగవలెనని కట్టడి చేసెను. 1515లో హొర్ముజును గూడ స్థిరముగా పట్టుకొనెను. ఇప్పుడు గుఱ్ఱము ఓడనెక్కు రేవును దిగు రేవును ఒకే చేతిలోనికి వచ్చెను. 1514లో కృష్ణదేవరాయలు వేయి గుఱ్ఱములను తామొక్కరే కొను హక్కునకై పెద్ద మొత్తము నీయజూపగా అతడంగీకరింపలేదు. కొంతకాలమునకు రాయల రాయబారులును బిజాపురపు ఆదిల్షా రాయబారులును గోవాలో ఒకరి వెంట నొకరు వచ్చి నిలిచిరి. ఏటేట ముప్పదివేల క్రుజాదు నాణెములు చెల్లించి, తమ మనుష్యులనే పంపి తోలుకొనిపోవునెడల గుఱ్ఱములన్నియు మీవేయని రాయలకును, గోవా కెదుటనున్న నేలలో కొంత మాకు విడిచినచో గుఱ్ఱములు మీవేయని ఆదిల్షాకును ఆల్బుకెర్కు ఏకకాలమున కబురంపెను. బేరము తేలకమునుపే 1515 డిసెంబరులో అతడు మరణించెను గాని, అతడు వేసిన బాట గోవా పాలకులకు శాశ్వతమైన రాజనీతిగా నిలిచిపోయెను: కొనువారిద్దఱు ఉండవలెను, వారిద్దఱును శత్రువులై యుండవలెను, ఎవరికిని పూర్తిగా మాట యీయరాదు.

కృష్ణదేవరాయలు ఈ మర్మము నెఱుగనివారు కారు. ఆముక్తమాల్యద నాలుగవ ఆశ్వాసమందలి రాజనీతి ఘట్టమున, రేవులను వృద్ధిపఱచి గుఱ్ఱములు, ఏనుగులు, రత్నములు, చందనము, ముత్యములు మున్నగు సరకులు ధారాళముగా వచ్చునట్లు చేయవలెననియు, దూరద్వీపములనుండి ఏనుగులను మేలుగుఱ్ఱములను తెచ్చు వర్తకులకు ఊళ్లను, పురమున మంచి యిండ్లను, కొలువున దర్శనమును, తగిన లాభమును కల్పించి వారిని తనవారిగా జేసికొన్నచో ఆ సరకు శత్రువులకు చేరదనియు ఉపదేశించిన ప్రభువాయన. గమనింపదగిన దేమనగా, ఆ యుపదేశమున వర్తకుని ఆకర్షించుటయే కలదు గాని సముద్రమున వర్తకునికి దారి గాచుట కానరాదు.

సంధిపత్రము లేకున్నను ఆ కాలమున స్నేహము ఫలించినది. గుఱ్ఱములతో విజయనగరమునకు వచ్చిన క్రిస్టోవా ద ఫిగైరెదో యను వర్తకుడు తన తుపాకిదండుతో 1520లో రాయచూరు ముట్టడియందు పాల్గొని, కోటగోడపై నిలిచిన రక్షకులను గురిపెట్టి కొట్టుచు రాయల జయమునకు తోడ్పడెను. నాగలాపురమునకు నీరు తెచ్చుటకై తలపెట్టిన మహాతటాకపు పనికి గోవా గవర్నరు ఒక పోర్చుగీసు శిల్పిని పంపెను. ఆదిల్షా రాయచూరున ఓడి చిక్కుబడిన సమయము చూచి, గోవా నాయకుడు ఎదుటి నేలను ఆక్రమించుకొనెను. ఒకరి జయమున మఱియొకరు తమ వాటాను తామే కోసికొనిన స్నేహమిది.

1547 నాటి సంధి

రాయల యనంతరము ఈ సౌహార్దము సడలినది. 1542లో మార్టిం అఫోన్సో ద సౌజా యను గవర్నరు భట్కళను కొల్లగొట్టి తగులబెట్టెను. మఱుసటి యేట, గోవాను ఆశ్రయించిన బిజాపుర రాజబంధువు విషయమై బేరమాడుచు, ఇబ్రహీం ఆదిల్షా సాల్సెట్టు, బార్దేశు సీమలను పోర్చుగీసువారికి ధారపోసెను. ఆ బంధువును మాత్రము వారు విడువలేదు. 1545లో జువావ్ ద కాస్ట్రో గవర్నరై వచ్చునప్పటికి బిజాపురముతో వైరము ముదిరియుండెను. 1546లో డయ్యూ కోటను గుజరాతు సేనలు ముట్టడింపగా విడిపించుటకు అతడు అప్పులపాలైయుండెను. విజయనగరమున సదాశివరాయలు సింహాసనమునను, అళియ రామరాయలు అధికారమునను ఉండిరి. ఇరువురకును బిజాపురమే కంట్లోని ముల్లు. అందుచేత 1547 సెప్టెంబరు 19న సంధి కుదిరినది.

షరతులను చదువునపుడు ఆనాటి వర్తకపు పటమంతయు కన్నులకు గట్టును. ఒకరి మిత్రులు ఇంకొకరికి మిత్రులు, ఒకరి శత్రువులు ఇంకొకరికి శత్రువులు. పిలిచినపుడు సర్వసైన్యములతో తోడుపడవలెను, అహమ్మదునగరపు నిజాంషాపై మాత్రము కాదు. గోవాయందు దిగు అరబ్బు పారసీక గుఱ్ఱములన్నిటిని తగిన వెలకు విజయనగర రాజే కొనును. బిజాపురమునకు ఒక్కటియు పోరాదు. విజయనగరపు సూరేకారమును ఇనుమును బిజాపురపు రేవులకు పోనీయక, పోర్చుగీసు గుమాస్తాలు కొనుటకై తమ రేవులకే పంపవలెను. రాజ్యమందలి బట్టలు ఆదిల్షా సీమలోని బాందా రేవునకు పోక, అంకోలాకో హొన్నావరమునకో రావలెను. అచట పోర్చుగీసువారు రాగిని, పగడములను, ఇంగిలీకమును, పాదరసమును, చీనా పట్టును బదులిత్తురు. మహమ్మదీయుల ఓడ ఏదియు విజయనగరపు రేవులలో ప్రవేశింపరాదు; వచ్చినచో పట్టి గవర్నరు కప్పగింపవలెను. ఇరువురును కలిసి ఆదిల్షాపై యుద్ధము చేయుదురు. గెలిచిన నేలయంతయు విజయనగరమునకు, కనుమలకును సముద్రమునకును నడుమ బాందా మొదలు సింతకోరా నది వఱకు గల పట్టి మాత్రము పోర్చుగలు రాజునకు.

ఈ షరతులను మరల నొకమారు పరికింతము. పోర్చుగీసువారు వదలుకొనినది ఒక్క కొనుగోలుదారుని. విజయనగరము వదలుకొనినదో, అమ్మువారి నందఱిని. తన తీరమున తన రేవులలో ఏ యోడ ఆగవలెనో నిర్ణయించు స్వాతంత్ర్యమును, తన నేతగాండ్ర బట్ట ఏ దారిని పోవలెనో నిర్ణయించు స్వాతంత్ర్యమును పత్రముపై వ్రాసి యిచ్చివేసినది. గుఱ్ఱములకు చెల్లించిన వెల పరదావులలో కానవచ్చును గాని, అసలు వెల ఈ షరతులలోనే దాగియున్నది. ఏలయన, కొనువానికి ఒక్క అంగడి మాత్రమే మిగిలినపుడు ధరను పలుకువాడు అంగడివాడే గదా!

పత్రము తడియారకమునుపే దాని విలువ తేలిపోయెను. కాస్ట్రో 1548 జూనులో గతించెను. అతని వెనుక వచ్చిన గార్షియా ద సా ఆ సంవత్సరముననే, ఆగస్టు నెలలో, ఇబ్రహీం ఆదిల్షాతో వేఱు సంధి చేసికొనెను. ఉమ్మడి శత్రువు పేర వ్రాసిన సంధి ఏడాది తిరుగకమునుపే ఆ శత్రువునకు మైత్రిగా మాఱుట రామరాయలకు పాఠమయ్యెను. ఆయనయు అదే యాటను ఆడ నేర్చెను. 1558లో ఆయన సేనలతో మైలాపురపు శాంథోముపైకి నడచి, అచటి పోర్చుగీసు వర్తకులపై లక్ష పరదావుల యపరాధమును విధించెను. సముద్రమున వారిని శిక్షింప శక్తిలేని ప్రభువునకు నేలపై అందిన పిలక అదియే.

రాక్షసి-తంగడి తరువాత

1565 జనవరిలో రాక్షసి-తంగడి యుద్ధము సామ్రాజ్యపు నడుము విఱిచినది. దక్కను సుల్తానుల కూటమి జయమును గోవా మొదట ఎట్లు భావించెనో గాని, కొలది కాలముననే దాని ఫలము సుంకపు కొట్టున కనబడెను. 1567లో విజయనగరమునకు పోయిన వెనీసు వర్తకుడు చేసరె ఫెదెరీచి చెప్పిన దానిని బట్టి గోవా ఏర్పాటిది: ఇరువదికి తక్కువ కాకుండ గుఱ్ఱములను తెచ్చిన హొర్ముజు ఓడకు తక్కిన సరకుపై సుంకము లేదు, గుఱ్ఱములు లేని ఓడకు నూటి కెనిమిది. రాబడియంతయు గుఱ్ఱము గోవాను విడిచి లోదేశమునకు పోవునపుడు గలదు. ఒక్కొక్క దానికి నలువదిరెండు వరాహలు. మేలైన గుఱ్ఱము విజయనగరమున మూడువందలు మొదలు వేయి వఱకు పలుకుచుండెనని కూడ అతడే వ్రాసెను. కొను రాజ్యము కూలినపుడు ఈ యంత్రమంతయు ఆగిపోవుట సహజము.

కొన మిగిలినవానికి సొమ్ము లేదు. రామరాయల తమ్ముడైన తిరుమలరాయలు, యుద్ధమున పోయిన తమ ముద్ర గల గుఱ్ఱములను ఎవరు తెచ్చినను క్రొత్తవానితోపాటు వానికిని వెల నిచ్చెదనని చాటించి, వర్తకులు నమ్మి తోలుకొని రాగా అన్నిటిని గ్రహించి రిక్తహస్తములతో పంపివేసెనని ఫెదెరీచి వ్రాత. చచ్చిన గుఱ్ఱపు తోకకు వెలయిచ్చిన సింహాసనముననే, ఎనుబదేండ్లు దాటునప్పటికి, బ్రతికిన గుఱ్ఱమునకును వెల లేకపోయెను. వర్తకుని విశ్వాసము ఒకమారు చెడినచో రేవు మూసినను తెఱచినను ఒకటే. విజయనగర పతనముతో తమ రాజ్యమున వర్తకము కుదేలయ్యెననియు, గుఱ్ఱములు పట్టుబట్టలు కొనిపోయి లాభించినవారు దరిద్రులైరనియు, సుంకపు రాబడి క్షీణించెననియు పోర్చుగీసు చరిత్రకారుడు కూతో వాపోయినాడు.

రాజకీయమునను ఇట్లే జరిగెను. 1568-69లలో గోవా పాలకులు అరాచకము చూచి మంగళూరున కోట కట్టి, హొన్నావరమును బసరూరును పట్టుకొనిరి. సంధులలో గుమాస్తాల కొఱకు అడిగిన రేవులను ఇప్పుడు కత్తితో తీసికొనిరి. కాని 1570లో బిజాపుర, అహమ్మదునగర సుల్తానులును కళ్లికోట సామూతిరియు కూటమి కట్టి ఒక్కుమ్మడి పోర్చుగీసు కోటలపై బడినపుడు, ఆదిల్షాను తుంగభద్రవైపు లాగి నిలుపగల పొరుగురాజ్యము దక్షిణమున లేదు. గోవా పాలకుడైన లూయీ ద అతాయిదె గోవాను ఎట్లో కాపాడుకొనెను. చాలియము కోటను సామూతిరికి విడువవలసివచ్చెను. కొనువారిద్దఱను ఎప్పటికిని శత్రువులుగా నిలిపి లాభింపవచ్చునను ఆల్బుకెర్కు లెక్కలో, ఆ యిద్దఱిలో నొకడు నశించినచో ఏమగునను పద్దు వ్రాయబడలేదు.

విజయనగర పోర్చుగీసు సంబంధమును కొందఱు స్నేహమనియు, కొందఱు విదేశీయుల వంచన యనియు వర్ణించిరి. మాకు తోచునది వేఱు. ఒకరికి విపణి కలదు, సముద్రము లేదు. ఒకరికి సముద్రము కలదు, విపణి లేదు. ఆ పరస్పరావసరము సత్యమైనది. దానిని మూడవవాని వైరముపై నిలుపబూనుటయే అసత్యము. రేవు సహకారము నిలుచుట తనకు ఓడలు గల రాజ్యమునకు సాధ్యము. ఓడలు లేని రాజ్యమునకు అది క్రమముగా అనుమతిగా మాఱును. ఈ పాఠమును తెలుగునేలపైనే మఱియొక రాజ్యము నేర్చుకొన్నది. గోలకొండ సుల్తానులు మచిలీపట్టణమునుండి తమ సొంత ఓడలను ఎఱ్ఱసముద్రపు రేవులకు నడిపిరి. ఆ ప్రయత్నమెంతవఱకు ఫలించెనో, డచ్చివారును ఆంగ్లేయులును వచ్చిన పిదప ఎందుల కాగిపోయెనో వచ్చు ప్రకరణమున విచారింతము.

(సశేషము)